పథ్యం తప్పిన చోటు

గంట టైమిచ్చాడు డాక్టరు. కూర్చుని బాగా గుర్తు చేసుకోండి, పదకొండున్నరకి మళ్ళీ వస్తాను, ఒక్కపూట జరిగిందో రోజూ జరుగుతూ వచ్చిందో నాకు ఖాయంగా తెలియాలి అని చెప్పి వెళ్ళిపోయాడు. తలుపు మూసుకుంటే చప్పుడు కూడా రాలేదు, లోపల సీసం రేకు ఉందట, అంత బరువు తలుపు అంత మెత్తగా ఎలా మూసుకుంటుందో, నా చెవులు మాత్రం ఒక్కసారి దిబ్బడ వేశాయి. గుర్తు చేసుకోవాలట. థైరాయిడ్ మాత్ర ఆపేసి నెల దాటింది నాకు, ఒళ్ళంతా నీరు పట్టింది, నాలుక మందమైంది, పొద్దున్న నా కూతుర్ని పిలవబోయి ముందు అత్తయ్యని పిలిచాను, తర్వాత ఆయన్ని పిలిచాను, మూడోసారికి గాని పిల్ల పేరు నోటికి అందలేదు. అది పకపకా నవ్వింది, నాకు ఏడుపొచ్చింది, ఈమధ్య ప్రతిదానికీ ఏడుపే, గ్లాసు కింద పడినా ఏడుపే, పడకపోయినా ఏడుపే. ఇలాంటి బుర్ర పెట్టుకుని పద్నాలుగు రోజులు, రోజుకి మూడు పూటలు, నలభై రెండు పూటల తిండి గుర్తు చేసుకోవాలి. సరే, చేసుకుంటాను, ముందు ఎక్కడ కూర్చోవాలో తెలియాలి కదా, ఈ గదిలో ప్రతిదానికీ ప్లాస్టిక్ తొడిగారు, కుర్చీకి, పరుపుకి, దిండుకి, ఫోనుకి, లైటు స్విచ్చులకి, ఆఖరికి కొళాయి పిడికి కూడా, కూర్చుంటే కరకర, కదిలితే కరకర. కిటికీ ఉంది గాని తెరుచుకోదు. మంచం చివర కూర్చున్నాను.

బయట వరండాలో బల్ల మీద అత్తయ్య ఉంటుంది. ఎలా కూర్చుని ఉంటుందో చూడకుండానే చెప్పగలను, సంచి ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసి, ఎవరొచ్చినా జరిగి చోటిస్తూ. ఆయనకి సెలవు దొరకలేదు, అందుకని తల్లిని తోడిచ్చి పంపాడు. ఇవాళ పొద్దున్న ఆ తల్లే డాక్టరు ముందు నిలబడి, ‘నేనేనండీ, ఒకరోజు పొరపాటున పాత ఉప్పు వేసేశాను’ అని ఒప్పుకుంది. ఒప్పుకుందా లేదా! నేను చెప్పలేదూ! ఆ మాట విన్నప్పుడు నాకు కోపం రాలేదు, అదీ విచిత్రం, హమ్మయ్య అనిపించింది, నేనన్నదే నిజమైందన్న సంతోషం, చచ్చేంత నీరసంలో కూడా మనిషికి ఆ సంతోషం ఒకటి మిగులుతుంది కాబోలు. డాక్టరు మాత్రం మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, అంతకుముందు చెప్పిందే మళ్ళీ చెప్పాడు. ఒక్కపూటే అయితే ఉప్పులోని అయోడిన్ ఈపాటికి బయటికి పోతూ ఉంటుంది, ఇవాళే రేడియేషన్ మాత్ర ఇచ్చేస్తాను, రోజూ లోపలికి వెళ్తుంటే మాత్రం ఇచ్చి లాభం లేదు, ఇంకో మూడు వారాలు వెనక్కి వెయ్యాలి, మళ్ళీ మొదటినుంచీ పథ్యం అన్నాడు. మూడు వారాలు. అప్పటిదాకా థైరాయిడ్ మాత్ర కూడా ఉండదు. ఈ వాపుతో, ఈ చలితో, ఈ మొద్దు బుర్రతో ఇంకో మూడు వారాలంటే నావల్ల కాదు బాబోయ్.

జబ్బు సంగతి పెద్ద కథేం కాదు. గొంతులో థైరాయిడ్ మీద గడ్డ, అది కేన్సర్ అన్నారు, కోసి తీసేశారు. కంటికి ఆనని కణాలు ఎక్కడో కొన్ని మిగులుతాయట, వాటికి అయోడిన్ అంటే ప్రాణం, అందుకని వాటిని రెండు వారాలు మాడుస్తారు, మాడ్చి మాడ్చి నకనకలాడుతున్నప్పుడు రేడియేషన్ నింపిన, ప్రాణం తీసే అయోడిన్ ఒక్క మాత్రలో పెట్టి మింగిస్తారు, ఆబగా తిని చస్తాయి. ఈలోగా మామూలు అయోడిన్ దొరికిందంటే కడుపు నిండిపోయి మాత్రని కన్నెత్తి చూడవు. డాక్టరు చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది, నా గొంతులో కూర్చుని నా కూడు తింటున్న వాటిని మాడ్చడానికి నేను మాడాలన్నమాట. ఆ మాత్ర పక్క గదిలో ఉంది. సీసం పెట్టెలో పెట్టి తెచ్చారు, నా పేరు రాసి ఉంది, రోజు గడిచేకొద్దీ దాని బలం తగ్గిపోతుందట. పొద్దున్న తలుపు సందులోంచి ఆ పెట్టె చూశాను.

పద్నాలుగు రోజులు. మొదటి రోజు. మామూలు ఉప్పు వద్దు, పాలు వద్దు, పెరుగు వద్దు, వెన్న వద్దు, చేప వద్దు, గుడ్డులో పచ్చసొన వద్దు, బేకరీ రొట్టె వద్దు, ఎర్రరంగు వేసిన మిఠాయి వద్దు, హోటల్ గడప తొక్కొద్దు. ఆ కాగితం వంటింట్లో మేకుకి తగిలించాను. అయోడిన్ కలపని ఉప్పు కోసం అత్తయ్య మూడు అంగళ్ళు తిరిగింది, ఆమెకి చిన్న అక్షరాలు ఆనవు, పిల్లని వెంటబెట్టుకుని వెళ్ళి ప్యాకెట్టు ప్యాకెట్టూ చదివించిందట, అంగడివాడు విసుక్కుంటే ‘నీకేం నాయనా, మా కోడలి గొంతు’ అందట. ఇంట్లో ఉన్న పాత ఉప్పంతా డబ్బాతో సహా నేనే బీరువాలో పెట్టి తాళం వేశాను. గిన్నెలు వేరు, గరిటెలు వేరు. రొట్టె ఇంట్లోనే కాల్చింది, వెన్న లేకుండా, గట్టిగా, పలకలా ఉండేది, తినలేక నేను మొహం పెడితే ఆమె కూడా అదే తినేది, నాకు వేరే వండుకోవడం ఎందుకులే అని. మంచి మనిషే, కాదనను. కాని అరవై ఏళ్ళుగా ఉప్పు వేసిన చెయ్యి అది, మాట్లాడుతూ మాట్లాడుతూ చూడకుండా వేసేసే చెయ్యి, నమ్మేదెలా? నేను నమ్మలేదు. కూర దించగానే వెళ్ళి మూత తీసి వాసన చూసేదాన్ని, ఉప్పుకి వాసనేమిటి నా మొహం, అయినా చూసేదాన్ని. ఆమె గోడవైపు తిరిగి నిలబడేది.

రెండో రోజు ఉడికించిన దుంపలు, మూడో రోజు దుంపలు, నాలుగో రోజు ఏమిటి? నాలుగో రోజు పనిలో ఒక ఫ్యాక్టరీ మనిషి, కాలిన చెయ్యి, చర్మం ఊడొచ్చింది, అది గుర్తుంది గాని నేనేం తిన్నానో గుర్తులేదు. ఫ్యాక్టరీల వీధిలో చిన్న ఆస్పత్రి మాది, అక్కడ కట్లు కట్టే గది నాది, ఇరవై రెండేళ్ళు, అందరూ నన్ను కట్లక్క అంటారు, డాక్టరు పేరు తెలియనివాళ్ళకి కూడా నేను తెలుసు. సెలవంతా ఈ గదిలో ఒంటరిగా ఉండే రోజులకని దాచుకున్నాను, అందుకే పథ్యంలో కూడా పనికి పోయాను, మొన్నటిదాకా. మధ్యాహ్నం డబ్బా విప్పితే చుట్టూ చేరేవాళ్ళు, ఇదేం తిండి కట్లక్కా, ఖైదీలకి కూడా ఇంతకన్నా మంచిది పెడతారు అని. ఒక్కరి దగ్గర ఒక్క ముక్క ముట్టుకోలేదు నేను. ఒట్టు. టీ కూడా నల్లగానే తాగాను. ఐదో రోజు, ఆరో రోజు, ఏడో రోజు, అన్నీ ఒకేలా ఉన్నాయి, ఒకేలా ఉన్నవాటిని ఎలా విడదీసి గుర్తు చేసుకోవడం? అసలు అవసరమేముంది, ఆమె ఒప్పుకుంది కదా! ఒకరోజు వేసింది, ఒక్కరోజే. అయిపోయింది కదా. డాక్టరుకి ఆ మాటే మళ్ళీ చెప్పి మాత్ర మింగేస్తే సరి.

నిన్నటి మాట గుర్తుకొస్తోంది, రావద్దంటే వస్తోంది. నిన్న సెలవు, మధ్యాహ్నం అందరం భోజనాలకి కూర్చున్నాం, ఆస్పత్రి నుంచి ఫోను, పరీక్షలో అయోడిన్ ఉండాల్సినదానికన్నా ఎక్కువొచ్చింది, రేపు రండి గాని మాత్ర ఇచ్చేదీ లేనిదీ డాక్టరు చెప్తారు అని. ఫోను పెట్టేశాను. నా ఎదురుగా అత్తయ్య పిల్లకి కూర వడ్డిస్తోంది, ఆ గరిటె పట్టుకున్న చేతిని చూశాను, నాకు ఒళ్ళు మండిపోయింది. నన్ను చంపేదాకా మీకు తృప్తి ఉండదు అన్నాను. గట్టిగా అందామంటే గొంతు లేదు, ఆపరేషన్ తర్వాత బొంగురుపోయింది, ఆ బొంగురు గొంతుతోనే అన్నాను, అది ఇంకా అసహ్యంగా వినపడింది. ఆయన తల వంచుకున్నాడు. పిల్ల వాళ్ళ నాయనమ్మ మొహంలోకి చూసింది. అత్తయ్య గరిటె గిన్నెలో పెట్టి, మూత వేసి, లేచి వెళ్ళిపోయింది, తిరిగి ఏదైనా అని ఉంటే నాకు కొంచెం బాగుండేది. ఛ, ఇప్పుడెందుకిది, నేను గుర్తు చేసుకోవాల్సింది తిండి.

తలుపు తెరుచుకుంది. డాక్టరు కాదు, గది సర్దే ఆవిడ, లోపలి గడియకి ప్లాస్టిక్ చుట్టడం మిగిలిపోయిందట. ఏమనుకోకమ్మా, రెండు నిమిషాలు అంది. టేపు చుడుతోంది, చకచకా, పని తెలిసిన చెయ్యి, చూస్తే ముచ్చటేసింది. టేపు తెంపబోయి బ్లేడుతో వేలు కోసుకుంది. నా ఒళ్ళు ఎంత మొద్దుబారినా రక్తం చూస్తే నా చేతులు వాటంతటవే లేస్తాయి.

“గట్టిగా నొక్కి పట్టుకో. మందుందా మీ దగ్గర, గోధుమరంగుది? ఇలా తే, నేను రాస్తాను” అన్నాను.

“అమ్మో, వద్దమ్మా. అది ఈ గదుల్లోకి తేకూడదు. ఈ వార్డుకే ఇవ్వరు మాకు.”

“ఎందుకు ఇవ్వరు? ఏం ఆస్పత్రి ఇది!”

“అందులోనూ మీ అయోడినే ఉంటుందంట కదా. చర్మంలోంచి కూడా లోపలికి దిగుతుందంట. పనిలో చేరిన రోజే చెప్పారు.” వేలు పైటకి తుడుచుకుని, మిగిలిన టేపు చుట్టేసి, వస్తానమ్మా అని వెళ్ళిపోయింది. తలుపు మళ్ళీ చప్పుడు లేకుండా మూసుకుంది.

నేను అలాగే నిలబడ్డాను. ఆవిడకేం తెలుసు అనుకున్నాను ముందు, గదులు తుడిచే మనిషికి. నేను ఆస్పత్రి మనిషిని, ఇరవై రెండేళ్ళు. ఆ ఇరవై రెండేళ్ళూ రోజుకి ముప్ఫై పుండ్లు, ముప్ఫైసార్లు ఆ మందు, దూది ముంచి, పిండి, తుడిచి, మళ్ళీ ముంచి. అయోడిన్ అంటే తిండిలోదే అనుకున్నాను తప్ప ఆ సీసా నాకు తట్టనే లేదు. గ్లౌజులు వేసుకుంటే నాకు దురద, పుండు ముట్టుకునేంతసేపే వేసుకుని తీసేస్తాను, తర్వాత చేతులు కడుక్కునేది కూడా ఆ మందు కలిపిన నీళ్ళతోనే, మనిషికీ మనిషికీ మధ్య, మోచేతుల దాకా. తొమ్మిదో రోజు చేతిలో పట్టు తప్పి సీసా మొత్తం ఒలికింది, మణికట్టు మీదినుంచి జాకెట్టు చేతి దాకా, బయట క్యూలో పదిమంది, కడుక్కునే తీరిక లేక అలాగే సాయంత్రం దాకా ఉన్నాను. ఇంట్లో పచ్చసొనకి దడుచుకుని చస్తూ, అక్కడ రోజంతా దాంట్లో స్నానం చేశాను. చేతులు చూసుకున్నాను, గోళ్ళ మొదళ్ళలో గోధుమరంగు గీత, అది ఎప్పుడూ ఉంటుంది, పెళ్ళినాటి ఫొటోలో కూడా ఉంది, అది నా చేతుల రంగే అనుకుంటాను నేను. పథ్యం గురించి చెప్పే నర్సమ్మ నన్ను అడిగింది, ఇప్పుడు గుర్తొస్తోంది, ఇప్పుడు చక్కగా గుర్తొస్తోంది, వాడే మందులు, పూతమందులు అని ఆమె ఏదో మొదలుపెట్టింది, నేను మధ్యలోనే అందుకుని, ‘అవన్నీ నాకు తెలుసు తల్లీ, నేనూ ఆస్పత్రి మనిషినే, తిండి సంగతి చెప్పు చాలు’ అన్నాను. ఆమె కాగితం నా చేతిలో పెట్టింది. వంటింట్లోంచి పీకి ఇవాళ వెంట తెచ్చుకున్నాను దాన్ని, నా చేతిసంచిలోంచి తీసి తిరగేశాను. వెనక పేజీ ఉంది. పద్నాలుగు రోజులు మేకుకి గోడవైపు తిరిగి ఉన్న పేజీ. మూడో వరుసలోనే ఉంది, పుండ్లకి రాసే అయోడిన్ మందులు, చేతులు కడిగే ద్రావణాలు ముట్టుకోకూడదు అని.

మరి అత్తయ్య ఏం వేసింది? పాత ఉప్పు వేశానంది. పాత ఉప్పు బీరువాలో ఉంది. బీరువా తాళం మొదటి రోజునుంచీ నా మెడలో ఉంది, గొలుసుకి కట్టుకున్నాను, మచ్చ మీద తగిలి నొప్పెడుతున్నా తియ్యలేదు, ఇదిగో ఇప్పుడూ తగులుతోంది. వెయ్యలేదు ఆమె. ఏ రోజూ వెయ్యలేదు. డాక్టరు నోట ఒక్కపూటైతే ఇవాళే ఇచ్చేస్తానన్న మాట పడేసరికి ఆ ఒక్కపూట తనమీద వేసుకుంది. పొద్దున్న ఆ గదిలో నేను సంతోషపడ్డాను చూడు, ఆ సంతోషం తలుచుకుంటే ఒళ్ళు కుంచించుకుపోతోంది. పిచ్చి ముండా, సిగ్గులేదే నీకు.

అయితే ఏమిటిప్పుడు? ఎవరికి తెలుసు? గది సర్దే ఆవిడకి నేను చేసే పని తెలియదు. డాక్టరుకి తెలియదు. నోరు మూసుకుని ఒక్కపూటే అంటే చాలు, ఆ పెట్టె తెరుస్తారు, మాత్ర మింగుతాను, రెండు మూడు రోజులు ఈ ప్లాస్టిక్ మీద పడుకుంటాను, తర్వాత థైరాయిడ్ మాత్ర మళ్ళీ వేసుకోవచ్చు, మళ్ళీ మనిషినవుతాను, నడవగలుగుతాను, పిల్ల పేరు పిలవగలుగుతాను. మూడు వారాలు అంటే మాటలా, పొద్దున్న లేచి జడ వేసుకోవడానికి చేతులు లేవవు, మెట్టు ఎక్కాలంటే ఏడుపు, ఎండలో కూర్చున్నా వణుకు, ఇది తెలియనివాళ్ళు ఎన్నైనా చెప్తారు. కాని మింగితే ఏమవుతుంది? వాటి కడుపు నిండి ఉంది, నేనే నింపాను, మాత్ర వైపు చూడను కూడా చూడవు, ఊరికే నా ఒంట్లోంచి బయటికి పోతుంది. ఆరునెలల తర్వాత స్కానింగ్‌లో అవి అక్కడే ఉంటాయి, ఇంకొంచెం పెరిగి. అప్పుడు కూడా అందరూ ఆమెనే చూస్తారు, ఆయనా, పిల్లా, ఉప్పు వేసింది ఈవిడే కదా అని. నేను చచ్చిపోతే జీవితాంతం ఆమె ఆ మాట మోస్తుంది, వెయ్యని ఉప్పుకి. చెప్పకపోతే చస్తాను, చెప్తే మూడు వారాలు చచ్చినట్టు బతకాలి, ఇదేం గొడవ దేవుడా, ఈ కిటికీ అయినా తెరుచుకుంటే బాగుండు. గోడ గడియారం పదకొండూ పది.

ప్లాస్టిక్ మీదినుంచే ఫోను నొక్కాను. వరండాలో నర్సు ఎత్తింది, బల్ల మీద ఉన్న పెద్దావిడకి ఇవ్వమన్నాను.

“ఏం అమ్మాయ్, మింగేశావా?” అంది అత్తయ్య.

“ఏ రోజు వేశారు ఉప్పు?”

“ఏదో రోజు. గుర్తులేదు. ఇప్పుడెందుకవన్నీ?”

“బీరువా తాళం నా మెడలో ఉంది అత్తయ్యా.”

ఎవరో రోగి పేరు పిలుస్తున్నారు వెనకాల. తర్వాత నెమ్మదిగా అంది, “డాక్టరు నమ్మాడుగా. నువ్వు నోరు మూసుకుని మింగెయ్. ఇంకో మూడు వారాలు నువ్వు తట్టుకోలేవు, నేను చూస్తున్నాగా.”

“మింగినా పనిచెయ్యదు. నావల్లే ఎక్కింది. నా పనిలో మందు, రోజూ చేతులకి. మీరేం చెయ్యలేదు. అసలేం చెయ్యలేదు మీరు.” ఆమె ఫోను పెట్టేసింది.

డాక్టరు పదకొండున్నరకి వచ్చాడు, సరిగ్గా గంటకి, ఇలాంటి వాటికి మాత్రం సరిగ్గా వస్తారు. చెప్పండి, ఒక్కపూటేనా అన్నాడు. రోజూ అన్నాను. వినపడలేదు, కొంచెం గట్టిగా చెప్పండి అన్నాడు. రోజూనండీ, ఉప్పు కాదు, నేను కట్లు కట్టే మనిషిని, రోజంతా ఆ మందులోనే చేతులు అని చెప్పుకొచ్చాను, మధ్యలో రెండుసార్లు దగ్గొచ్చింది. ఆయన నా చేతులు తీసుకుని గోళ్ళు చూశాడు. ఎంతసేపు చూశాడో. ఇది మేం గట్టిగా అడగాల్సింది అన్నాడు. అడిగారండీ, నేనే చెప్పనివ్వలేదు అన్నాను. కాగితం మీద ఏదో రాసి, మూడు వారాలు, పనికి వెళ్ళకండి, పథ్యం అలాగే, మళ్ళీ పరీక్ష అన్నాడు. పక్క గదిలోకి వెళ్ళి ఎవరితోనో ఆ పెట్టె సంగతి మాట్లాడాడు.

వరండాలోకి వచ్చాను. అత్తయ్య బల్ల దగ్గర నిలబడి ఉంది, సంచి భుజానికి తగిలించుకుని. నేను దగ్గరికి వెళ్ళి తప్పైపోయింది అత్తయ్యా అన్నాను. ఆమె నా మొహం చూడలేదు.

“మూడు వారాలా?”

“మూడు వారాలు.”

“వండుతాను. దానికేం. కాని నాకు చెప్పకు ఆ మాట. వాడి ముందర అన్నావు, పిల్ల ముందర అన్నావు. వాళ్ళ ముందర చెప్పు.”

“చెప్తాను.”

“ఇవాళే చెప్పాలి.”

“ఇవాళే చెప్తాను.”

నాలుగడుగులు నడిచి, గోడ పట్టుకుని ఆగింది. కళ్ళు తిరుగుతున్నాయా అని అడిగాను. నిన్న లేచి వెళ్ళినప్పటినుంచీ నేను మెతుకు ముట్టలేదు, చూశావా నువ్వు అంది. చూడలేదు. పద్నాలుగు రోజులు ఆ వంటింట్లో ప్రతి గిన్నె మూతా తీసి చూశాను, ఆమె కంచం ఒక్కటే చూడలేదు.